పాడనిత్తురు, కూర్చుండనీయరు

అతిథికి పీట వేయుట వేరు, ఇంటిలో పాలు పంచియిచ్చుట వేరు. మొదటిది మర్యాద, రెండవది న్యాయము. మర్యాద ఒక పూటతో ముగియును. న్యాయము బ్రతుకంతయు నిలుచును. స్త్రీకి మర్యాద చేయుటకు సిద్ధముగా నున్నవారు లోకములో కొల్లలుగా నున్నారు. న్యాయము చేయుడనగానే వారి చేతులు ముడుచుకొనుచున్నవి. ఈ భేదమును కన్నులకు కట్టునట్లు చూపు నిదర్శనమొకటి ఐరోపా సంగీతశాలలలో మాకు దొరకినది. దానిని చదువరుల ముందుంచుచున్నాము.

1987వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో, మ్యూజిక్‌ఫెరైన్ భవనమందలి బంగారు సభాశాలలో, వియన్నా ఫిల్‌హార్మనిక్ అను సుప్రసిద్ధ సింఫనీ ఆర్కెస్ట్రా తన నూతన సంవత్సర కచేరీని చేసెను. దానికి నిర్దేశకుడు హెర్బర్ట్ ఫాన్ కరయాన్. ఆ కచేరీకి అమెరికానుండి ఒక ఆపెరా గాయని అతిథిగా వచ్చెను. ఆమె పేరు క్యాథలీన్ బాటిల్. ఒహాయో రాష్ట్రములో ఒక ఉక్కు కర్మాగారపు కార్మికుని యింట పుట్టిన నల్లజాతి స్త్రీ. యోహాన్ స్ట్రౌస్ 1883లో స్త్రీకంఠమునకే రచించిన ‘వసంత స్వరములు’ అను నృత్యగీతమును ఆమె పాడెను. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. టెలివిజను మూలమున పెక్కు దేశములవారు ఆ దృశ్యమును చూచిరి.

చూచినవారు, ‘ఆహా! స్త్రీకి, అందునను నల్లజాతి స్త్రీకి, ఎంతటి గౌరవము!’ అని సంతోషించియుందురు. ఆ గానమునకు మేమును తలయూపినవారమే. కాని ఆమెను చూచిన కన్నులతోనే ఆమె వెనుక కూర్చున్నవారిని గూడ ఒక్క పరి చూడవలసినదని మా ప్రార్థన. ఫిడేళ్లు, క్లారినెట్లు, కొమ్ములు, భేరులు చేతబట్టి వరుసలుగా కూర్చున్న ఆ బృందము 1842లో పుట్టినది. నాటినుండి నూట నలువది యైదేండ్లు గడచినను దానిలో ఒక్క స్త్రీయైనను సభ్యురాలు కాలేదు. ముందు నిలిచి పాడుటకు స్త్రీ కావలెను. నడుమ కూర్చుండి వాయించుటకు స్త్రీ పనికిరాదు. అదీ ఆనాటి గౌరవము!

ఒక కుర్చీకై ఇంత రగడ యేల అని కొందరడుగవచ్చును. ఆ కుర్చీ యనగా ఏమో తెలిసినచో ఆ ప్రశ్న పుట్టదు. అతిథి గాయని ఒక రాత్రి పాడి, పూలగుత్తి పుచ్చుకొని పోవును. వాద్యబృందమున కుర్చీ గలవారికి జీతము కలదు, స్థిరమైన యుద్యోగము కలదు, ముసలితనమున భృతి కలదు. అంతకు మించి వియన్నా బృందము తన్ను తానే పాలించుకొను సంఘము. అందలి వాద్యకారులు ప్రభుత్వ ఆపెరాశాల యుద్యోగులు. అక్కడ కొన్నియేండ్లు పనిచేసినవారే ఈ సంఘమున సభ్యులగుదురు. ఏ నిర్దేశకుని పిలువవలెను, ఎవరిని చేర్చుకొనవలెను అను విషయములను వారే ఓట్లతో తీర్మానింతురు. కావున కుర్చీ యనగా కూడు, కుర్చీ యనగా మాట చెల్లుబడి. స్త్రీకి పూలు ఇచ్చిరి గాని ఓటు ఈయలేదు.

ఆ బృందమున వాయించు స్త్రీయే లేదా? ఉండెను. ఆన్నా లెల్కెస్ అను హార్పు విద్వాంసురాలు 1970ల నుండి వారితో వాయించుచునే యుండెను. హార్పునకు తగిన పురుషులు అరుదుగా దొరకుచుండుటచే ఆమెతో అవసరము పడినది. ఆమె వ్రేళ్లు పలికించిన నాదము కచేరీలో కలిసినది. ఆమె పేరు మాత్రము ఏండ్ల తరబడి కార్యక్రమ పత్రములోని సభ్యుల పట్టికలో కలియలేదు. వంట చేసినది కోడలు, వడ్డించినది కోడలు, బంతిలో విస్తరి మాత్రము కోడలికి లేదు. ఈ రీతి మన యిండ్లలో ఎరుగని వారెవ్వరు?

స్త్రీని పాడుటకైనను రానిచ్చినది దయచేతనా? చరిత్ర వేరు మాట చెప్పుచున్నది. కొన్ని శతాబ్దములు పోపుగారి యేలుబడిలోని రోమునగరమున స్త్రీలు నాటకరంగమెక్కుట నిషిద్ధము. ఆ లోటును తీర్చుకొనుటకు వారు చేసినదేమి? బాలుర కంఠము మారకుండుటకై వారి దేహములను చెరచి, పెరిగిన పిమ్మట వారిచేత నాయికల పాటలు పాడించిరి. స్త్రీని రంగమెక్కనిచ్చుటకంటె పసివాని శరీరమును కోయుట మేలని తలచిన ధర్మమది! ఆ ఘోరము అంతరించిన తరువాత స్త్రీకంఠము లేనిదే ఆపెరా లేదు. అందుచేత తలుపు తెరచిరి. ఎచ్చట స్త్రీకి మారు దొరకదో అచ్చట ఆమెను పిలిచిరి; ఎచ్చట మారు దొరకునో అచ్చట ఆమెను త్రోసిరి. ఇది అవసరమే కాని గౌరవము కాదు.

అదే వియన్నా నగరమున 1824 మే 7వ తేదీన బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ తొలిసారి వినిపించెను. వాద్యములకే పరిమితమైయుండిన సింఫనీలో అతడు కడపటి భాగమునకు మానవ కంఠమును తెచ్చెను. అందు పాడిన నలుగురు ముఖ్య గాయకులలో ఇద్దరు స్త్రీలు. హెన్రియెట్టా సొంటాగ్ వయస్సు 18 ఏండ్లు, కరోలినా ఉంగర్ వయస్సు 20 ఏండ్లు. ఇద్దరును ఆపెరా గాయనులు. స్వరములు మిక్కిలి యెత్తుగా నున్నవి, కొంచెము తగ్గింపుడని వారు వేడిరి, అతడు తగ్గింపలేదు, వారు పాడిరి. పాట ముగిసినది. చెవులు పూర్తిగా వినబడని ఆ మహానుభావుడు సభకు వీపు త్రిప్పి యుండెను. చప్పట్లు అతనికి వినబడలేదు. ఉంగర్ అతని నల్లన పట్టి సభవైపునకు త్రిప్పెను. అప్పుడతడు ఊగుచున్న చేతులను, రుమాళ్లను కన్నులతో చూచెను. మానవులందరి సౌభ్రాత్రమును చాటు ఆ కృతి పుట్టినరోజున దానికి ప్రాణము పోసినవారిలో ఇద్దరు పడుచులు గలరు. ఆ నగరమే ఆ పడుచుల కోవవారికి కుర్చీ యిచ్చుటకు ఆ దినము మొదలు మరి నూట డెబ్బది రెండేండ్లకు పైగా పట్టినది.

ఇక ప్రతిపక్షుల వాదములను విచారింతము. అవి నాలుగు.

మొదటి వాదము: వాద్యబృందమునకు ఒకే ఆత్మ యుండవలెను, పురుషుల నడుమ స్త్రీ చేరినచో ఆ యేకభావము చెడును అని. ఇది మేము కల్పించిన మాట కాదు. 1996లో జర్మనీ రేడియోలో జరిగిన ఒక చర్చలో ఆ బృందమువారే ఈ ధోరణిలో మాటలాడిరి. హార్పు ఒక ప్రక్కగా నుండును గనుక అచ్చట స్త్రీ కూర్చున్నను బాధలేదని సమర్థన కూడ వినవచ్చినది. చదువరులారా, యోచింపుడు. బృందమునకంతకును ఎదుట నిలిచి, నలుబది ఫిడేళ్లపై తేలియాడుచు పాడు స్త్రీ ఏకభావమును చెరుపదట! మూడవ వరుసలో ఫిడేలు పట్టుకొన్న స్త్రీ చెరుపునట! ఆత్మ కూడ ఆసనమును బట్టి చెడునా? మడి బావివద్ద నిలుచునా, గడపవద్ద మైలపడునా అని మన పూర్వులు తర్కించినదానికిని దీనికిని భేదమేమి?

రెండవ వాదము: కొన్ని వాద్యములకు బలము కావలెను, స్త్రీకి అది లేదు అని. దీనికి ప్రత్యుత్తరము జర్మనీలోని మ్యూనిక్ నగరమున దొరకినది. 1980లో అక్కడి ఫిల్‌హార్మనిక్ బృందము ప్రధాన ట్రాంబోను వాద్యకారుని పదవికి పరీక్ష పెట్టెను. అభ్యర్థులలో ఒకడు వారెరిగిన సంగీతజ్ఞుని కుమారుడట. అతనియెడ పక్షపాతమను నిందరాకుండ అందరిని తెరవెనుక వాయింపుమనిరి. ఆబీ కోనంట్ అను అమెరికా స్త్రీ వాయించెను. ఆమెకు వచ్చిన పిలుపులో సయితము పురుషుని పిలుచునట్లే ‘హెర్’ అని వ్రాసియుండిరి. తెర వెనుకనుండి వచ్చిన ఆ నాదము వినగానే, తమకు కావలసినవారు వీరే అని పరీక్షకులు తీర్మానించుకొనిరి. తెర తొలగినది, స్త్రీ కనబడినది. అంతవరకు బలముగా వినబడిన ఊపిరి అప్పటినుండి బలహీనమైనది! కొలదికాలమునకే ఆమెను ప్రధాన పదవినుండి దించిరి. ఆమె ఊపిరితిత్తుల బలమును వైద్యులచేత పరీక్షింపజేసి పత్రము తెచ్చుకొనవలసివచ్చెను. పదవికై, పురుషులతో సమానమైన జీతమునకై, పది సంవత్సరములకు పైగా న్యాయస్థానముల మెట్లెక్కి దిగెను, తుదకు గెలిచెను. ఒక ట్రాంబోను ఊదుటకు ఇంత బలము కావలసియుండినచో, ఆ వ్యాజ్యము నడుపుటకు ఎంత బలము కావలసియుండెనో ఆలోచింపుడు.

మూడవ వాదము: స్త్రీ గర్భవతియగును, బిడ్డను కనును, సెలవు కోరును; కచేరీ లెట్లు జరుగును? అని. పురుషుడు జబ్బుపడడా? సైన్యపు కొలువునకు పోడా? వాద్యబృందములందు ఒకరు లేనిదినమున మరియొకరిని కూర్చుండబెట్టు ఏర్పాటు ఎల్లప్పుడును కలదు. మరియు తల్లియగుట గానమున కడ్డుకానిది వాద్యమున కెట్లడ్డు? ఆస్ట్రియా సామ్రాజ్యమున పుట్టిన ఎర్నెస్టీన్ షూమాన్-హైంక్ ఏడుగురు బిడ్డలను కని, ఐరోపా అమెరికాల ఆపెరారంగములపై జయధ్వానము లందుకొనెను. ఆమె బిడ్డల లెక్క చూచి ఏ సభయు ఆమె పాట వద్దనలేదు. టిక్కెట్లమ్మునప్పుడు మాతృత్వము అడ్డురాదు, జీతమిచ్చునప్పుడే అడ్డువచ్చును.

నాలుగవ వాదము కొంత గట్టిది. దానిని మేము తేలికగా త్రోసివేయము. బృందమునకు తన సభ్యులను తానెన్నుకొను స్వాతంత్ర్యముండవలెనని దాని సారము. 1882లో స్థాపితమైన బెర్లిన్ ఫిల్‌హార్మనిక్ నూరేండ్లు నిండిన 1982లోగాని ఒక స్త్రీని చేర్చుకొనలేదు. ఆమె మాడ్లైన్ కరూజో అను ఫిడేలు విద్వాంసురాలు. ఆ దినములలోనే సబీనా మేయర్ అను క్లారినెట్టు విద్వాంసురాలిని తీసికొనవలెనని కరయాన్ పట్టుపట్టెను. బృందము 73 ఓట్లకు 4 ఓట్లతో కాదనెను. ఆమె స్వరము తమతో కలియదనిరి. నిర్దేశకుని నిరంకుశత్వమును సహింపమనిరి. ఆమె 1984లో తనంత తానే తొలగిపోయి, పిమ్మట ప్రపంచప్రసిద్ధినందెను. నిరంకుశుని ఎదిరించు హక్కు సంఘమునకు కలదు. మేము దానిని మన్నింతుము. కాని ఎన్నుకొను హక్కు చెవితో ఎన్నుకొనుటకే గాని, చీరను చూచి కాదనుటకు కాదు. పైనుండి వచ్చు అధికారమును నిరసించు సంఘము, తనకంటె బలహీనులపై తానే అధికారము చేసినచో దానిని స్వాతంత్ర్యమని యెవ్వరందురు? నూరేండ్లు ఒక జాతినంతయు బయట నిలిపిన ఓటు, ఓటుపేర నడచిన వెలి.

చెవి న్యాయము చెప్పగలదనుటకు తెరయే సాక్షి. అమెరికాలోని బోస్టన్ సింఫనీ 1952లోనే తెరవెనుక పరీక్షను ఆరంభించెను. క్రమముగా ఇతర బృందములును ఆ పద్ధతి నవలంబించెను. అడుగుల చప్పుడునుబట్టి స్త్రీయో పురుషుడో తెలియకుండుటకై వేదికపై తివాచీ పరచిన చోట్లును కలవు. పాదరక్షలు విడిచి రమ్మనిన చోట్లును కలవు. అమెరికాలోని అయిదు ప్రధాన బృందములలో 1970లో స్త్రీలు నూటికి అయిదుగురు కూడ లేరు. 1997 నాటికి నూటికి ఇరువదియైదుగురైరి. తెరయొక్కటే దీనికి కారణమని మేము చెప్పము; సంగీత విద్యాలయములలో బాలికల సంఖ్య పెరుగుటయు, స్త్రీల యుద్యమములును కారణములే. కాని స్త్రీకి ప్రజ్ఞ లేదని తరతరములుగా పాడిన పాట అబద్ధమని తేల్చుటకు ఆ సంఖ్యలు చాలవా?

1997 ఫిబ్రవరి 27న వియన్నా బృందము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు ఓటు చేసెను. ఆన్నా లెల్కెస్ మొదటి సభ్యురాలయ్యెను. హృదయము మారి చేసిరా? ఆ వెంటనే అమెరికాలో వారి కచేరీలు జరుగవలసియుండెను. అక్కడి స్త్రీల సంఘములు సభాశాలల ముందు నిరసన చేయుటకు సిద్ధపడుచుండెను. స్వదేశమున ప్రభుత్వమువారి యొత్తిడియు హెచ్చెను. తలుపు లోపలివారి దయచేత తెరచుకొనలేదు, వెలుపలివారు తట్టుటచేత తెరచుకొన్నది. తెరచుకొన్న తరువాత ఆకాశము విరిగి పడినదా? 2011లో ఆల్బేనా డానైలోవా సభ్యురాలై, ఫిడేలు వరుసకు అగ్రస్థానమున కూర్చుండెను. నాదము చెడలేదు, శ్రోతలు తగ్గలేదు. అయినను ఆ నూతన సంవత్సర కచేరీలో ఒక స్త్రీ రచించిన కృతిని తొలిసారి వాయించుట 2025వ సంవత్సరమునగాని తటస్థింపలేదు. ఆమె 19వ శతాబ్దపు వియన్నావాసిని, కాన్‌స్టాన్జ్ గైగర్. తలుపు తెరచినంతమాత్రమున ఇల్లంతయు మనదైనదని మురియుటకు వీలులేదు.

వియన్నావారిని దూషించి మన చేతులు కడుగుకొనుటకు మేమీ వ్యాసము వ్రాయలేదు. తెలుగులో కృతులు రచించిన త్యాగరాజస్వామి సమాధివద్ద తిరువయ్యారులో ఏమి జరిగినది? 1920లలో ఆ సమాధికి ఆలయము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. తన గానముచేత ఆర్జించిన ధనమును అందుకు ధారపోసినది. ఆమె కట్టించిన గుడియెదుటనే ఆరాధనోత్సవమున పాడుటకు స్త్రీలకు చోటు లేకపోయెను. ఆమె స్త్రీలను కూడదీసి వేరుగా ఆరాధన జరిపెను. పక్షములన్నియు కలిసి స్త్రీలకును చోటు దొరకుసరికి 1940 దాటుచుండెను. గుడికి ఆమె సొమ్ము పనికివచ్చినది. పాటకు ఆమె గొంతు పనికిరాలేదు. వియన్నాకును కావేరీతీరమునకును దూరము వేల క్రోసులు. ఈ నీతికి మాత్రము దూరము లేదు.

అంతదూరమేల? మన యింటిలోనికే చూతము. పెండ్లిచూపులనాడు పిల్లను చాపమీద కూర్చుండబెట్టి, ‘ఒక పాట పాడమ్మా’ అందుము. ఆమె తల వంచుకొని ఒక కీర్తన పాడును. మగపెండ్లివారు మెచ్చుకొందురు, తల్లిదండ్రులు పొంగిపోవుదురు. పెండ్లియైన మరుసటి నెలలో ఆ హార్మోనియమో, ఆ వీణయో అటకమీది కెక్కును. పదియేండ్లు జీతమిచ్చి చెప్పించిన సంగీతము ఒక సాయంకాలపు పరీక్షకై చెప్పించినదా? ఆనాడు మన కుమార్తె మన యింటిలోనే అతిథి గాయని. ముందు కూర్చుండి పాడినది. ఇంటి నడుమ ఆమె విద్యకు కుర్చీ లేదు. పిమ్మట ఆమె గొంతు విప్పినచో, ‘ఎవరైనను విందురు’ అని గద్దించువారు, ఆనాడు నలుగురిని పిలిచి వినిపించినవారే.

కావున సంస్కారాభిమానులగు గృహస్థులకు మా విజ్ఞప్తి యిది. ఏ సభకైనను పోయినప్పుడు వేదిక ముందు ఎవరు పాడుచున్నారని మాత్రమే చూడకుడు. ప్రక్క వాద్యములయొద్ద ఎవరున్నారు, సభను నడుపు సంఘమున ఎవరున్నారు, జీతము నిర్ణయించు బల్లచుట్టు ఎవరు కూర్చున్నారని చూడుడు. స్త్రీ అచ్చట లేనిచో చప్పట్లు కొట్టిన తరువాత ఆ ప్రశ్న అడిగి రండు. మీ కుమార్తె మృదంగము నేర్తునన్నచో అది ఆడుదానికి తగదనకుడు. చెవి యొప్పుకొన్నదానిని కన్ను కాదనరాదు. మీ కోడలి వీణను అటకమీదినుండి దించి, ఆమె కూర్చుండు చోట పెట్టుడు. పొగడుట తరువాత చూచుకొనవచ్చును, ముందు చోటిండు.